ద్రాక్షాపాకం ఏ ద్రాక్షను చూసి అన్న మాట?

పలాస నుంచి ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న: "మాస్టారూ, ఉద్దానంలో పుట్టిన మాకు కొబ్బరితోట తెలుసు గాని ద్రాక్షతోట తెలియదు. సులువుగా తెలిసే కవిత్వాన్ని ద్రాక్షాపాకమని మెచ్చుకుని, కొరుకుడుపడని దానికి నారికేళపాకమని పేరు పెట్టడం న్యాయమేనా? వైన్ చేసే షిరాజ్ ద్రాక్షకు కూడా ఆ మెప్పు చెల్లుతుందా?"

అమ్మా, తెలుగులో స్థిరపడిన అర్థానికి ఆధారం ఓరుగల్లులో ప్రతాపరుద్రుని ఆస్థానాన విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం అనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథం. "ద్రాక్షాపాకః స కథితో బహిరంతః స్ఫురద్రసః" అని ఆయన చెప్పిన లక్షణం. లోపలా వెలుపలా రసం స్ఫురించేది ద్రాక్షాపాకం, రసం లోపల గూఢంగా ఉండేది నారికేళపాకం. ఇందులో కొబ్బరికి నింద ఏమీ లేదు. ఆ చిన్నచూపు తరువాతి వాడుకలో వచ్చి చేరింది.

అంతకు సుమారు 400 ఏళ్లకు ముందే సంస్కృత లాక్షణికుడు (కావ్యలక్షణాలు చెప్పినవాడు) రాజశేఖరుడు కావ్యమీమాంసలో 9 పాకాలను చెప్పాడు. అక్కడ వేపపాకం మొదలూ చివరా రుచించనిది. మృద్వీకాపాకం, అంటే ద్రాక్షాపాకమే, మొదట రుచించక పోను పోను రుచి పట్టేది. ఆద్యంతాలు రెండింటా మధురంగా ఉండేది నారికేళపాకం! ఒకే పండుకు ఇద్దరు లాక్షణికులు రెండు మర్యాదలు ఇవ్వడానికి కారణం, ఒకరు రసం ఎక్కడ ఉన్నదని చూడగా మరొకరు రుచి ఎప్పుడు అందుతుందని చూడడమే.

షిరాజ్ విషయానికి వస్తే, విద్యానాథుని మాట మనం విజయనగరం బజారులో కొనుక్కుని తినే గింజలేని ద్రాక్షకు అతికినట్టు దీనికి అతకదు. దీని తొక్కలోనూ గింజల్లోనూ వగరు ఉంటుంది, అందుచేత దాని వైన్ కొత్తలో నాలుకను పట్టేసి, కొన్నేళ్లు నిలవ ఉన్న తరువాత మెత్తబడుతుంది. ఇది అచ్చంగా రాజశేఖరుని మృద్వీకాపాకం.

ఆ ద్రాక్ష పరువు కూడా అలాగే ఆలస్యంగా పండింది. ఫ్రాన్సులో సిరా అని పిలిచే ఈ రకం ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందని చాలాకాలం చెప్పుకున్నారు, కాని 1990ల చివర జరిగిన జన్యుపరీక్షలు దీని తల్లిదండ్రులు ఆగ్నేయ ఫ్రాన్సుకు చెందిన డ్యురేజా, మాండ్యూజ్ బ్లాంష్ అనే రకాలని తేల్చాయి. 1832లో ద్రాక్షసాగు నిపుణుడు జేమ్స్ బస్బీ ద్వారా ఆస్ట్రేలియాకు చేరిన కొమ్మల్లో ఇదీ ఒకటి. 1980ల నడుమ దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వమే రైతులకు డబ్బిచ్చి పీకించిన తీగల్లో బరోసా లోయలోని ముదురు షిరాజ్ తీగలు కూడా ఉన్నాయి. అప్పుడు మిగిలిన తీగలే ఈనాడు ఆ లోయకు పేరు తెస్తున్నాయి.

కాబట్టి షిరాజ్‌ను మృద్వీకాపాకమనడం సబబని నా అభిప్రాయం. కొబ్బరికి రాజశేఖరుడిచ్చిన పెద్దపీటను మీ ఉద్దానం వారు ధైర్యంగా చెప్పుకోవచ్చు. నారికేళపాకాన్ని మెప్పుగా వాడిన పద్యాలుగాని పలుకుబళ్లుగాని కవిటి, సోంపేట వైపు వినబడి ఉంటే దయచేసి ఇక్కడ రాయండి.