అప్‌డేట్: వేప చెక్కకి చిత్రిక పడితే పీచు లేచే సమస్య తీరింది

వేప పలకకి చిత్రిక పడుతుంటే పీచు పెకిలి గుంటలు పడుతున్నాయని ఇక్కడే అడిగాను. తీరింది. జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ.

పనిచేసింది పాలకొల్లు నుంచి వచ్చిన సలహా: చిప్‌బ్రేకర్‌ని (చిత్రిక పట్టే తోపడాలో బ్లేడు మీద బిగించే ఇనుప రేకుని) బ్లేడు అంచుకి 0.2 మి.మీ. దాకా దగ్గరికి జరపడం. అంతకుముందు 1.5 మి.మీ. ఎడం ఉండేది. వేపలో నార ఒక పొరలో ఇటూ పక్క పొరలో అటూ వాలి ఉంటుంది కాబట్టి ఎటు తోసినా సగం ఎదురునారే. చిప్‌బ్రేకర్ దగ్గరగా ఉంటే పొట్టు లేవగానే మడత పడిపోతుంది, చీలిక లోపలికి పాకదు.

అయితే జరపగానే పొట్టు ఇరుక్కోవడం మొదలైంది. అమలాపురం అన్నయ్య తోపడా విప్పి చూస్తే చిప్‌బ్రేకర్‌కీ బ్లేడుకీ మధ్య వెలుతురు కనిపించింది. చిప్‌బ్రేకర్ అడుగు అంచుని సానరాయి మీద చదునుగా రుద్ది, ముందు అంచుకి 50 డిగ్రీల వాలు పెట్టారు. పైసా తీసుకోలేదు సరికదా, తన 1000 గ్రిట్ రాయి కూడా వాడుకోమని ఇచ్చారు. (ఎరువు తెచ్చిన రాయిని గాజుపలక మీద 220 ఎమ్రీ కాగితం పరిచి చదును చేసి తిరిగివ్వాలి. గుంటపడ్డ రాయి ఇవ్వడం మర్యాద కాదు.)

కొందరు అనుకున్నట్టు కొత్త బ్లేడు అవసరం పడలేదు. నా విషయంలో పీచు లేవడానికి వానాకాలం తేమ కారణం కాదు; తేమతో బ్లేడుకి తుప్పు వస్తుంది, దానికి పని కాగానే మిషన్ నూనె రాస్తే చాలు. చెక్కలో ముడుల చుట్టూ మాత్రం స్క్రేపరే (గీకి నునుపు చేసే ఉక్కు రేకు) గతి.