పిల్లల అంగడిలో వలంటీర్లు ముందే కొనుక్కోవచ్చా? బయటి స్టాళ్లు ఉండాలా?

రామగిరి_అమ్మ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. జూన్ 12న బళ్లు తెరుస్తారు. దానికి ముందు వచ్చే ఆదివారం నల్లగొండలో మళ్లీ పిల్లల సామాన్ల అంగడి పెడదామనుకుంటున్నాం. కొత్తవాళ్ల కోసం రెండు మాటలు చెప్తాను. మా అక్క అమెరికాలో, టెక్సస్‌లో ఉంటుంది. పిల్లలకు పొట్టివైన బట్టలు, ఆడి వదిలేసిన బొమ్మలు, తొట్టెలలు, సైకిళ్లు అక్కడ ఏడాదికి రెండుసార్లు ఒకచోట చేర్చి అమ్ముతారు. ఎవరి సామానుకు వాళ్లే ధర చీటీ రాసుకుంటారు. అమ్ముడైతే 60, 70 శాతం సామాను ఇచ్చినవాళ్లకు, మిగతాది నడిపేవాళ్లకు. వలంటీర్లుగా పనిచేసినవాళ్లు తలుపులు తెరవకముందే కొనుక్కోవచ్చు. చివరిరోజు చాలా వస్తువులకు సగం ధర.

ఆ పద్ధతే మనం తెచ్చుకున్నాం. మనం పట్టుకునేది 25 శాతమే. 5 గంటలు పనిచేసినవాళ్లకు శనివారం సాయంత్రం కొనుక్కునే వీలు ఇచ్చాం. పోయినసారి హాలు, టేబుళ్లు, జనరేటర్ కలిపి 14,000 అయ్యాయి. కమిషన్ 8,200 వచ్చింది. తక్కువ పడిందని 1,500 చొప్పున ఐదు స్టాళ్లకు చోటిచ్చాం.

ఇప్పుడు ఈ రెండిటి మీదే గొడవ. వలంటీర్లు మంచివన్నీ ముందే తీసేసుకుంటున్నారని కొందరు, స్టాళ్ల వల్ల అంగడి జాతర అయిపోయిందని కొందరు అంటున్నారు. మనసులో ఉన్నది ఇక్కడ చెప్పండి.

లెక్కల_మాస్టారు

5 గంటల పని అన్నారు. రాసుకున్న రిజిస్టర్ ఉందా? శనివారం మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఆరింటికి కొనుక్కుని వెళ్లినవాళ్లను నేను చూశాను. అది 3 గంటలు. ఇంకో సంగతి. 25 శాతం 8,200 అంటే మొత్తం అమ్మకం 32,800. అందులో శనివారం వలంటీర్లు కొన్నది ఎంతో చెప్పండి. ఆ అంకె లేకుండా మాట్లాడుకుంటే లాభం లేదు.

దేవరకొండ_బాబాయి

పనిచేసినవాళ్లకు కడుపునిండా భోజనం పెట్టండి. సామాను అందరితోపాటే కొనుక్కుంటారు.

నకిరేకల్_తల్లి

నేను పోయినసారి వచ్చిన. గ్రూపులో శుక్రవారం ఎర్ర సైకిల్ ఫోటో పెట్టారు. 16 అంగుళాలది, పక్కన చిన్న చక్రాలున్నది, 1,100 అని చీటీ కూడా కనబడింది. మా పిలగాడు ఆ ఫోటో రెండు రోజులు చూసిండు. ఆదివారం మొదటి బస్సుకు వచ్చి తొమ్మిదికే లైన్ల నిలబడ్డం. పదింటికి తలుపు తీసిరు. సైకిల్ అక్కడే ఉంది, హ్యాండిల్‌కు 'అమ్ముడైంది' అని కాగితం కట్టి ఉంది. తలుపు తీసిన నిమిషంలనే ఎట్ల అమ్ముడైంది అని అడిగితే, నిన్ననే అయింది అన్నరు. మా వాడు దాని గంట మూడుసార్లు కొట్టి చెయ్యి తీసిండు. ఏడవలేదు. ఏడిస్తేనే బాగుండు.

ముందురోజే అమ్మేసేదాని ఫోటో మాకెందుకు పెట్టినట్టు?

కుట్టుమిషన్

మూడుసార్లూ వలంటీరుగా చేశాను, చెప్పే హక్కు నాకుందనుకుంటాను. శనివారం పొద్దున ఎనిమిదింటికి సంచులు రావడం మొదలవుతుంది. ఒక్కొక్కటి విప్పి, వయసు ప్రకారం సర్ది, జిప్పులు లాగి చూసి, గౌనుకు హుక్కులు ఉన్నాయో లేదో చూసి, మరకలున్నవి పక్కన పెట్టాలి. కొందరు ఉతకకుండానే పంపుతారు. పోయినసారి ఒక సంచిలో బండి మీద పిల్లల్ని కట్టుకునే బెల్టు వచ్చింది. నాలుగేళ్లలోపు పిల్లలకు బండి మీద ఆ బెల్టు, హెల్మెట్ ఉండాలని నిబంధన వచ్చింది కదా, 2023 ఫిబ్రవరి నుంచి అమలు. అందుకని అడిగేవాళ్లు ఎక్కువ. పైకి కొత్తదిలాగే ఉంది. తిప్పి చూస్తే భుజం పట్టీ దగ్గర కుట్టు సగం ఊడి, దారం పోగులు పోగులుగా వేలాడుతోంది. నేను బట్టలు కుట్టేదాన్ని కాబట్టి నా చేతికి తెలిసింది. తీసి పక్కన పడేశాను. దానికి ఎవరూ నాకు పైసా ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

రాత్రి ఎనిమిదింటికి ఇంటికి పోయేసరికి పాదాలు వాచిపోయాయి. అంత చేసినవాళ్లు రెండు బడి సంచులు ముందు కొనుక్కుంటే అన్యాయమా? అది కూడా ఊరికే కాదు, చీటీ మీద ధర కట్టి.

లెక్కల_మాస్టారు

మీ గురించి కాదమ్మా. 8 నుంచి 8 దాకా చేశారు, 12 గంటలు. 3 గంటలు చేసినవాళ్లకూ అదే అవకాశం వచ్చింది. అందుకే రిజిస్టర్ అడుగుతున్నాను.

పానగల్_పిన్ని

నాకు మొదటినుంచీ ఇది నచ్చలేదు. పిల్లలు తొడిగిన బట్టలు ముక్కూముఖం తెలియనివాళ్లకు ఇస్తారా? దిష్టి తగలదా?

రామగిరి_అమ్మ

పిన్నీ, పుట్టిన బిడ్డకు మొదట తొడిగేది పాత చొక్కానే కదా. మెత్తగా ఉంటుందని, మంచిదని ఎవరో ఒకరి పిల్లలది అడిగి తెచ్చుకుంటాం. గల్లీలో స్టీలు గిన్నెలవాళ్లకు సంచెడు బట్టలిచ్చి ఒక టిఫిన్ డబ్బా తీసుకుంటాం, ఆ బట్టలు ఎక్కడికి పోతాయో అడగం. ఇక్కడ ధర మనమే రాసుకుంటున్నాం.

పిల్లల_వార్డు_నర్స్

సైకిల్ గొడవలో అసలైన తప్పు ఎవరికీ కనబడటం లేదు. గుమ్మం పక్కన స్టాల్‌లో పసిపిల్లల ఆహారపు పొడి పెట్టారు. చిన్న ప్యాకెట్లు ఊరికే పంచారు. బిడ్డ బరువు తూస్తామని చెప్పి తల్లుల ఫోన్ నంబర్లు రాసుకున్నారు. మన దేశంలో 1992 నుంచి దీనికి చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్లలోపు పిల్లల ఆహారం, పాలపొడి, పాలసీసాలకు ప్రచారం చేయకూడదు, శాంపిళ్లు ఇవ్వకూడదు, కొనమని తల్లులకు కానుకలు ఆశ చూపకూడదు. ఎందుకు పెట్టారంటే, ఊరికే వచ్చిన నాలుగు ప్యాకెట్లతో బిడ్డకు తల్లిపాలు తగ్గిస్తారు. తాగడం తగ్గితే పాలు తగ్గుతాయి. పాలు తగ్గాక ఐదో ప్యాకెట్ కొనక తప్పదు. ఆ పొడిని పల్చగా కలిపి, విరేచనాలతో బిడ్డను ఎత్తుకొచ్చే తల్లులను నేను వార్డులో చూస్తున్నాను.

ఇంకా రెండున్నాయి. కొత్త ప్లాస్టిక్ బొమ్మల స్టాల్‌లో ఒక్కదాని మీదా ఐఎస్ఐ గుర్తు లేదు. 2021 జనవరి నుంచి బొమ్మలకు అది తప్పనిసరి. పాత సామానులో పసిపిల్లలు నడక నేర్చుకునే చక్రాల వాకర్లు కూడా అమ్మారు. కెనడా 2004లోనే వాకర్లను నిషేధించింది, వాటితో పిల్లలు మెట్ల మీంచి దొర్లుతున్నారని. ఇవన్నీ 7,500 కోసమా?

రామగిరి_అమ్మ

నర్స్ గారూ, ఆ చట్టం సంగతి నాకు నిజంగా తెలియదు. పిల్లల ఎదుగుదల చార్టు పెడతాం, బరువు చూస్తాం అంటే మంచిదే అనుకున్నాను. తప్పు నాదే. ఈసారి ఆ స్టాల్ ఉండదు. వాకర్లు కూడా తీసుకోం. కానీ 5,800 లోటు ఎక్కడినుంచి పూడ్చాలో కూడా ఎవరైనా చెప్పండి. మొదటిసారి మా ఇంట్లోంచి పెట్టుకున్నాను, ప్రతిసారీ పెట్టలేను.

దేవరకొండ_బాబాయి

ప్రవేశానికి పది రూపాయలు పెట్టండి.

నకిరేకల్_తల్లి

బస్సు కిరాయి పెట్టుకుని వచ్చేటోళ్లకు మళ్ల పది రూపాయలా?

లెక్కల_మాస్టారు

శనివారం అమ్మకం ఎంత? నాలుగు రోజులుగా అడుగుతున్నాను. ఎవరూ చెప్పడం లేదంటే చెప్పలేని కారణం ఉందనుకోవాలి. వలంటీర్లలో కొందరు ముందే కొని బయట ఎక్కువకు అమ్ముకుంటున్నారని నా చెవిన పడింది. అలాంటి ఎర్ర సైకిలే ఫోన్‌లో 1,800కి పెట్టారని చెప్పారు.

కుట్టుమిషన్

ఆ సైకిల్ కొన్నది నేను.

1,800కి పెట్టలేదు. మా గుమ్మంలో ఉంది. మా పాపకు ఆరేళ్లు, రోజూ తొక్కుతోంది. మాస్టారూ, చెవిన పడిన మాట ఇక్కడ రాసేముందు ఒక్కసారి అడగాల్సింది. మూడేళ్లు నిలబడి పనిచేసినదాన్ని దొంగను చేశారు.

అడిగారు కాబట్టి అంతా చెప్తాను. నాకు సైకిల్ కన్నా కావాల్సింది ఒక టేబుల్. నేను కుట్టిన గౌన్లు, లాగులు పెట్టుకుంటాను, అంగట్లోనే ఒక మూల చాలు అని పోయిన ఏడాది అడిగాను. 1,500 కడితే ఇస్తామన్నారు. గౌనుకు 60 మిగిలితే ఎక్కువ. 25 గౌన్లు అమ్ముడైతే స్టాల్ కిరాయి తీరుతుంది, ఆ తర్వాతే నాకు. పొడి డబ్బాలవాళ్లు ఒక్క మాటలో కట్టారు, చోటు తీసుకున్నారు. నా మూడేళ్ల శనివారాలకు 1,500 విలువ లేదు. ముందు కొనుక్కో, అది చాలు అన్నట్టు చూశారు. ఆ కోపంలోనే సైకిల్ తీసుకున్నాను. ఇంకెవరో దానికోసం వస్తున్నారని నాకు తెలియదు.

లెక్కల_మాస్టారు

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ పేరు అనుకుని అనలేదు. క్షమించండి.

నకిరేకల్_తల్లి

అక్కా, నువ్వు కొన్నందుకు నాకు కోపం లేదు. నీకూ బిడ్డ ఉంది.

నాకు కోపం వచ్చింది వేరేదానికి, ఇన్ని రోజులు రాయలేదు. పోయినసారి వారం ముందే ఫోన్ చేసి నేను కూడా వలంటీరుగా చేస్త అన్న. శనివారం నిమ్మతోటల కాయ తెంపే పని ఉంటది, ఒక్క రోజు కైకిలి పోతే మాకు కష్టం. ఆదివారం పొద్దున ఆరింటికి వస్త, ఊడుస్త, టేబుళ్లు వేస్త, సాయంత్రం అన్నీ సర్ది పోత అన్న. వద్దమ్మా, వలంటీర్లు తెలిసినవాళ్లే ఉన్నారు, నువ్వు హాయిగా వచ్చి చూసుకో అన్నరు. మంచిగనే అన్నరు. తెలిసినవాళ్లంటే ఎవరు? రామగిరిల, ఆ పక్క కాలనీలల్ల ఉన్నోళ్లు. శనివారం ఇంట్ల ఉండగలిగేటోళ్లే వలంటీర్లు అయితరు, వలంటీర్లే మంచి సామాను కొంటరు. మేము ఎప్పటికీ ఆదివారం పదింటికి లైన్ల ఉంటం.

నాలుగు గంటలకు మైకుల ఏమన్నరో గుర్తుందా? పేద పిల్లల కోసం ఇప్పుడు అన్నీ సగం ధరకే అన్నరు. నా చేతిల అప్పుడు రెండు అంగీలు, ఒక చెప్పుల జత ఉన్నయి. 140 చీటీ మీద ఉన్నది. 140 నా కొంగుల ఉన్నది, ఇచ్చేటందుకే పట్టుకున్న. ఆ మాట విన్నంక అక్కడ పెట్టి వచ్చిన. పిలగాడు ఎందుకమ్మా అని బస్సుల అడిగిండు.

రామగిరి_అమ్మ

మైకులో ఆ మాట అన్నది నేనే.

అమెరికాలో చివరి రోజు సగం ధర అంటారు, ఎవరికోసమో చెప్పరు. ఆ 'పేద పిల్లల కోసం' నేను కలిపాను. మంచి చేస్తున్నానని అనుకుని అన్నాను. ఇప్పుడు చదివాక రాత్రి నిద్రపట్టలేదు. ఫోన్‌లో మాట్లాడింది నేను కాదు గానీ, తెలిసినవాళ్లనే తీసుకుందాం అని అనుకున్నది మాత్రం అందరమూ. పిల్లల సామాను, డబ్బు చేతులు మారుతుంటాయి, టెన్షన్ ఎందుకని అనుకున్నాం. ఆ టెన్షన్‌కు అర్థమేమిటో మీరు చెప్పాక తెలిసింది.

పిల్లల_వార్డు_నర్స్

కుట్టు చూసి బెల్టు తీసేసిన ఆమెకు టేబుల్ ఊరికే ఇవ్వాలి. పొడి డబ్బాలకు ఇచ్చిన చోటే ఇవ్వండి.

పానగల్_పిన్ని

అది బాగుంది.

కుట్టుమిషన్

ఊరికే వద్దు. అమ్ముడైనదాంట్లో అందరిలాగే 25 శాతం పట్టుకోండి. అమ్ముడుకాకపోతే నేను కట్టేది ఉండకూడదు, అంతే.

ముందు కొనుక్కోవడం గురించి మాత్రం నా మాట మారలేదు. పనిచేసినవాళ్లకు ఏదో ఒకటి దక్కాలి. లేకపోతే వచ్చే ఏడాది సంచులు విప్పేవాళ్లు ఉండరు.

రామగిరి_అమ్మ

ఇవీ నిర్ణయాలు. రిజిస్టర్ పెడతాం. శనివారం అమ్మకం 5,900, మాస్టారూ, ఆలస్యానికి మన్నించండి. ముందు కొనుగోలు ఒక్కొక్కరికి రెండు వస్తువులే, గ్రూపులో ఫోటో పెట్టినవి అందులో ఉండవు. ఆదివారం పొద్దున పని కూడా వలంటీరు పనే, గంటలు లెక్కలోకి వస్తాయి. అలా చేసినవాళ్లు తలుపులు తెరిచే ముందు తొమ్మిదింటికి కొనుక్కోవచ్చు. స్టాళ్లు కమిషన్ మీదే ఇస్తాం. లోటు ఇంకా తేలలేదు, జనరేటర్ లేకుండా పొద్దున ఏడింటికే మొదలుపెట్టి ఒంటిగంటకు ముగిస్తే ఎలా ఉంటుందో చెప్పండి.

లెక్కల_మాస్టారు

రిజిస్టర్ నేను రాస్తాను. శనివారం పొద్దున్నే వస్తాను.

నకిరేకల్_తల్లి

ఏడింటికి మొదలుపెడితే మొదటి బస్సు అందదు మాకు. పదింటికే ఉంచండి, ఎండైనా సరే. నేను శనివారం రాత్రికే వచ్చి మా ఆడబిడ్డ ఇంట్ల పండుకుని ఆరింటికి హాల్ దగ్గర ఉంట. పని ఏందో చెప్పండి.

అక్కా, మీ పాపకు సైకిల్ పొట్టిదైనప్పుడు చెప్పు. ధర చీటీ నువ్వే రాసిపెట్టు.