తెలుగు పిల్లలకు ఐక్యూ పరీక్ష ఏ భాషలో పెట్టాలి?
బెంగళూరులో ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడ మాట్లాడే ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇంగ్లీషులో పెట్టిన మాలిన్ స్కేల్‌లో (భారతీయ పిల్లల ఐక్యూ పరీక్ష) వెర్బల్ (మాటలతో జవాబిచ్చే భాగం) 84, పెర్ఫార్మెన్స్ (బొమ్మలు, దిమ్మెలతో చేసి చూపే భాగం) 110 వచ్చాయనుకోండి. సగటు తీసి 97 అని రిపోర్టు రాస్తే వాడి తెలివి తెలిసినట్టేనా? పదాల అర్థాలు, సామాన్య జ్ఞానం అడిగే భాగాలు సగం ఇంగ్లీషునే కొలుస్తాయి కదా!

ప్రశ్నల్ని అప్పటికప్పుడు నోటితో తెలుగులోకి మార్చి అడిగితే ప్రశ్న కష్టం మారిపోతుంది, నార్మ్స్ (అదే వయసు పిల్లల మార్కులతో పోల్చే పట్టికలు) పనికిరావు. వారంలోనే మళ్లీ పెడితే అలవాటు వల్ల మార్కు పెరుగుతుంది. రావెన్స్ స్టాండర్డ్ మ్యాట్రిసెస్ అనే బొమ్మల పరీక్షలో (12 చొప్పున 5 సెట్లు, మొత్తం 60 బొమ్మలు) మాటలు అక్కర్లేదు గానీ, అది చూసేది ఆకారాల తర్కమే.

తెలుగులో పరీక్షించే సైకాలజిస్టులు ఇక్కడుంటే చెప్పండి: విన్న అంకెల్ని వెనక నుంచి ముందుకు చెప్పించే భాగం ఏ భాషలో పెడతారు? రెండు స్కోర్ల మధ్య ఇంత తేడా ఉంటే మొత్తం ఐక్యూ రాస్తారా, వదిలేస్తారా?