కంటైనర్ ఓడల సిబ్బందికి కెమికల్ శిక్షణ తప్పనిసరి చెయ్యాలా?

డెక్_మనిషి:
2025 మే 25న కేరళ తీరానికి దూరంగా మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా-3 ఓడలో 640 కంటైనర్లున్నాయి. అందులో 13 ప్రమాదకర సరుకువి, వాటిలో 12 కాల్షియం కార్బైడ్‌వి. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడే. దానికి తడి తగిలితే ఎసిటిలీన్ పుడుతుంది, నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. మంట కనబడగానే నీళ్ళ హోస్ పట్టుకుని పరిగెత్తడం మాకు మొదట అలవాటయ్యే పని. కార్బైడ్ దగ్గర ఆ అలవాటే ప్రాణం తీస్తుంది. కెమికల్ ట్యాంకర్‌లో సరుకు పని చెయ్యాలంటే ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణకి అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ప్రత్యేక సర్టిఫికెట్ ఉండాల్సిందే. కంటైనర్లలో రసాయనాలు మోసే ఓడలకి మాత్రం అలాంటి శిక్షణ ఆ ఒప్పందం కోడ్‌లోని బి భాగంలో సలహాగానే ఉంది. తప్పనిసరి చెయ్యాలంటాను.

పోర్టు_సేఫ్టీ:
నేను ఒప్పుకోను అన్నా. ఎల్సా సిబ్బంది 24 మందీ బతికి బయటపడ్డారు. ఒరిగిపోతున్న ఓడ మీద కోర్సు ఏం చేస్తుంది? 2021లో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే కంటైనర్ ఓడ సంగతి చూడండి. నైట్రిక్ యాసిడ్ కంటైనర్ కారుతోందని సిబ్బందికి తెలుసు. ఖతర్‌లోని హమద్‌లో, గుజరాత్‌లోని హజీరాలో దించుకోమని అడిగితే రెండు రేవులూ కాదన్నాయి. కొలంబో దగ్గర తగలబడింది. లోటు ఓడలో లేదు, రేవులో ఉంది. కారే పెట్టెను దించుకునే చోటు, రసాయనాల నుంచి కాపాడే సూట్లు, మనుషులు కావాలి. డబ్బు అక్కడ పెట్టాలి.

డెక్_మనిషి:
రేవు కావాలి, కాదనను. కానీ అర్ధరాత్రి పొగ ముందు చూసేది వాచ్‌లో ఉన్న ఏబీ, అంటే డెక్ నావికుడు. ప్రమాదకర సరుకుని గుర్తించే యూఎన్ నంబరు కార్బైడ్‌కి 1402. ఆ నంబరుతో ఈఎమ్ఎస్ గైడ్ (ఓడల్లో ప్రమాదకర సరుకుకి అత్యవసర సూచనల పుస్తకం) తెరిస్తే మంటకొక పట్టిక, ఒలికితే ఇంకో పట్టిక. ఆ పుస్తకం చీఫ్ ఆఫీసర్ ఒక్కడికే తెలిస్తే చాలదు.

ఉప్పాడ_కుర్రోడు:
మీరిద్దరూ మా జాలర్లని మర్చిపోయారు. ఎల్సా కంటైనర్లు కొట్టుకొస్తే 200 మీటర్ల దూరం ఉండమని కేరళలో హెచ్చరించారు. నీళ్ళ మీద తేలే డ్రమ్ము కనబడితే మావాళ్ళు బోట్లోకి లాగేస్తారు, ఒడ్డుకి తెస్తే నాలుగు డబ్బులొస్తాయని. దాని మీద ప్రమాదాన్ని చెప్పే డైమండ్ గుర్తుకి అర్థం మాకెవరూ చెప్పలేదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరికి జనం రోడ్ల మీదే కూలిపోయారు. అది ఫ్యాక్టరీలో లీకే, నిజమే. మిగిలిన స్టైరీన్‌ను మాత్రం ఓడల్లోనే కొరియా పంపించారు.

పోర్టు_సేఫ్టీ:
తమ్ముడూ, నీ మాట నిజం. కానీ సూట్ ఇవ్వకుండా శిక్షణిస్తే, నేర్చుకున్నాననే ధైర్యంతో దగ్గరికెళ్తారు. మీకు నేర్పాల్సింది గుర్తుపట్టడం, గాలి వచ్చే వైపుకి తప్పుకోవడం, కోస్ట్‌గార్డ్ 1554కి చెప్పడం. ముట్టుకోవడం వద్దు.

ఉప్పాడ_కుర్రోడు:
మేము అడిగేదీ అదేనండి. వేట నిషేధంలో నేర్పండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు ఒడ్డునే ఉంటాయి.