జనవరిలో చోప్టా వెళ్తున్నా: మంచులో కెమెరా సెట్టింగులు, జాగ్రత్తలు చెప్పండి

ప్రొద్దుటూరు_ఫ్రేమ్:
అన్నలారా, జనవరి రెండో వారంలో ఉత్తరాఖండ్ ప్రయాణం. సారి ఊర్లో మకాం, అక్కణ్ణుంచి దేవరియా తాల్ సరస్సు. దారి తెరిచుంటే చోప్టా మీదుగా తుంగనాథ్ గుడి, దాని పైనున్న చంద్రశిల శిఖరం. ఇంతవరకు తీసినవన్నీ గండికోట, అహోబిలమే. మనకు మంచంటే పొద్దున పొగమంచు, అంతే. నా దగ్గర ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా, 16-50, 55-210 ఎంఎం లెన్సులు, రెండు బ్యాటరీలు, అల్యూమినియం ట్రైపాడ్ ఉన్నాయి. మంచు బూడిద రంగులో పడకుండా ఎక్స్‌పోజర్ ఎట్లా? మైనస్ చలిలో బ్యాటరీ, లెన్స్ సంగతేంది? తెల్లారేటప్పుడు ఏ శిఖరం మీద ఫ్రేమ్ పెట్టుకోవాల?

పెన్నా_గట్టు:
ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతా. అది తప్పితే మిగతావి ఎంత బాగా చేసినా లాభం లేదు.

జనవరిలో సూర్యుడు సరిగ్గా తూర్పున రాడు, ఆగ్నేయానికి జరిగి వస్తాడు. చంద్రశిల మీంచి చూస్తే నందాదేవి, త్రిశూల్ ఉండేది దాదాపు అటువైపే. కాబట్టి పొద్దున అవి నల్లటి అంచులుగానే పడతాయి. నీ ఫ్రేమ్ చౌఖంబా (7,138 మీటర్లు). అది ఉత్తరాన ఉంటుంది, వెలుగు దానికి కుడివైపు నుంచి ఏటవాలుగా తగిలి ప్రతి మడతకూ నీడ గీస్తుంది.

గులాబీ రంగు శిఖరం కొసన మొదలై కిందికి దిగుతుంది. కొన్ని నిమిషాల్లో పసుపై, ఆ వెంటనే తెల్లబడిపోతుంది. సూర్యోదయానికి 40 నిమిషాల ముందే ట్రైపాడ్ బిగించి ఉండాల. 16-50 సంచిలోనే ఉండనీ. 30 కిలోమీటర్ల అవతల ఉన్న కొండ 16లో చీమ తలంత కూడా రాదు. 55-210ని 100 నుంచి 150 మధ్య పెట్టు, ఎఫ్/8, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే సదుపాయం) ఆపేయి.

చలికాలం తుంగనాథ్ గుడి మూసి ఉంటుంది, స్వామిని మక్కుమఠ్‌కి దించుతారు. పైన టీ కొట్టు, కరెంటు ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు.

ఆదోని_లెన్స్:
ఎక్స్‌పోజర్ గురించి. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ప్రతిదాన్నీ మధ్యరకం బూడిద రంగుగానే లెక్కేస్తుంది. అందుకే ఫ్రేమంతా మంచు ఉంటే ముదురు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు పెంచే, తగ్గించే డయల్) ఎండలో +1తో మొదలుపెట్టు, మబ్బుగా ఉంటే +1.3 నుంచి +1.7. ఫ్రేమ్‌లో సగం చెట్లుంటే +0.3 చాలు.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. తెల్లారుజామున లోయంతా చీకటి, శిఖరం కొస ఒక్కటే వెలుగు. అప్పుడు మీటర్ చీకటిని చూసి మొత్తం పెంచేస్తుంది, గులాబీ రంగు కాస్తా తెల్లగా కాలిపోతుంది. ఆ పది నిమిషాలూ -0.7 లేదా -1లో ఉండాల. కాలిపోయిన మంచును రా (RAW) ఫైల్ కూడా వెనక్కి తేలేదు. తర్వాత వెలుగు కిందికి దిగేకొద్దీ డయల్‌ను ప్లస్‌కి తిప్పుతూ రావాల. నమ్మకం లేకుంటే రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) తేడాతో మూడు షాట్లు తీసిపెట్టుకో. వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో పెట్టు. నీడలో మంచు నీలంగా పడుతుంది, అది తప్పు కాదు, పూర్తిగా తీసేస్తే చలి కూడా పోతుంది.

ప్రాక్టీసుకి మంచు అక్కర్లేదు. ఇప్పుడు ఆదోని యార్డులో ఎండకు పోసిన పత్తి కుప్ప తీసి చూడు. సున్నాలో ఒకటి, +1లో ఒకటి. తేడా అక్కడే తెలుస్తుంది.

కొండారెడ్డి_బురుజు_క్లిక్స్:
బ్యాటరీ: చలికి లోపలి రసాయన చర్య మందగిస్తుంది, 40 శాతం చూపిస్తూనే ఆగిపోతుంది. అది అయిపోయినట్టు కాదు. చొక్కా లోపలి జేబులో కాసేపు వెచ్చబడితే మళ్ళీ పనిచేస్తుంది. రెండు చాలవు, నాలుగు పెట్టుకో. విమానంలో చేతి సంచిలోనే తీసుకుపోవాల, చెక్-ఇన్ లగేజీలో విడి బ్యాటరీలు ఒప్పుకోరు.

లెన్స్: నోటితో ఊదొద్దు, ఊపిరిలో తేమ అద్దం మీద గడ్డకడుతుంది. బ్లోయర్ వాడు. మంచు కురుస్తుంటే హుడ్ తీయొద్దు, ఆటోఫోకస్ మంచు రేకుల వెంట పరుగెడుతుంది కాబట్టి మాన్యువల్‌కి మార్చు. రేకులు చుక్కల్లా కావాలంటే 1/250, గీతల్లా కావాలంటే 1/30.

అసలు ప్రమాదం బయట కాదు, గదిలోకి వచ్చాక. చల్లటి కెమెరా మీద వెచ్చటి గాలి తేమ చెమటలా పడుతుంది, లెన్స్ లోపల కూడా. కార్డు, బ్యాటరీ బయటే తీసేసుకుని, కెమెరాను జిప్‌లాక్ కవర్లో పెట్టి గాలి నొక్కేసి మూసి, అప్పుడు లోపలికి తే. రెండు గంటలు తెరవొద్దు. నమ్మకం కుదరకపోతే రెండు స్టీలు గ్లాసులు ఫ్రీజర్లో గంటసేపు పెట్టు. ఒకదాన్ని ఫ్రీజర్ దగ్గరే కవర్లో మూసి తీయి, రెండోది వట్టిగా తీయి. వట్టి గ్లాసు నీళ్ళు కారుతుంది. కవర్లోదానికి చెమట కవర్ పైనే ఆగిపోతుంది.

ట్రైపాడ్: అల్యూమినియం వేళ్ళను కొరికేస్తుంది, కాళ్ళకు క్రికెట్ బ్యాట్ గ్రిప్ చుట్టు. కాళ్ళు పూర్తిగా ఎడంగా చాపి మంచులోకి నొక్కితే మంచు వాటిని బయటికి తోసి కీలు విరిగిపోతుంది. ఎడం కాస్త తగ్గించి నొక్కాల. ముందు అట్టడుగు సెక్షన్ లాగు, లాకులు మంచుకు పైనే ఉంటాయి.

ప్రొద్దుటూరు_ఫ్రేమ్:
సరే అన్నా, ఇంకో రెండు బ్యాటరీలు చెప్పేస్తా. పోలరైజర్ (మెరుపు తగ్గించే, తిప్పే ఫిల్టర్) తీసుకుపోవాల్నా?

పెన్నా_గట్టు:
దేవరియా తాల్‌లో నీళ్ళు గడ్డకట్టకుంటే ప్రతిబింబానికి పనికొస్తుంది, సగమే తిప్పు. ఎత్తులో ఆకాశం ముందే ముదురు నీలం, పూర్తిగా తిప్పితే నల్లబడుతుంది. 16లో అయితే ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు.