కుకీల అనుమతి పెట్టెల వల్ల మనకు ఒరిగిందేమిటి?

ప్రశ్న: ఏ వెబ్‌సైటు తెరిచినా ముందుగా కుకీల (సైట్లు మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న సమాచార ముక్కల) అనుమతి పెట్టె అడ్డుపడుతోంది. అంగీకరించే మీట రంగులో మెరుస్తుంటే, తిరస్కరించే దారి మాత్రం రెండు తెరల వెనుక దాగి ఉంటోంది. ఇలా అనుమతి అడగమనే చట్టం ఎవరి కోసం?

జవాబు 1: తప్పు చట్టానిది కాదని నా అభిప్రాయం. 2018 మే 25 నుంచి ఐరోపా సమాఖ్యలో అమలవుతున్న జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) ప్రకారం, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అనుమతి కిందకు రాదు. బుట్టలో వేసుకున్న వస్తువులను గుర్తుంచుకునే కుకీలకైతే అసలు అనుమతే అక్కర్లేదు. ఈ తంతంతా ప్రధానంగా ప్రకటనల కోసం మన వెంటపడే వాటి గురించే.

జవాబు 2: నిజమే గానీ, అస్తమానం అడుగుతుంటే ఎవరైనా చదవకుండానే నొక్కేస్తారు (నేనూ అంతే). బ్రౌజర్‌లో ఒక్కసారి చెప్పిన మాటను సైట్లన్నీ పాటించి తీరాలని శాసిస్తే సరిపోయేది.

జవాబు 3: ‘డు నాట్ ట్రాక్’ (నా వెంటపడొద్దని సైట్లకు చెప్పే బ్రౌజర్ అమరిక) అలాంటిదే. దానికి చట్టబలం లేకపోవడంతో చాలా సైట్లు పట్టించుకోలేదు.