పొద్దున్న తినకపోతే గ్రోత్ హార్మోన్ పెరిగి పిల్లలు పొడుగవుతారా?

గాజువాక అమ్మ:
మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. వాలీబాల్ అంటే ప్రాణం. టీమ్‌లో తనే పొట్టి అని బాధపడుతుంటాడు. జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళెవరో "పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంచితే గ్రోత్ హార్మోన్ ఐదు రెట్లవుతుంది, పొడుగు సాగుతావు" అన్నారట. అప్పట్నుంచి టిఫిన్ ముట్టుకోవడం లేదు, మధ్యాహ్నం దాకా మంచినీళ్ళే. ఇప్పుడు అర్జినైన్ అనే అమైనో ఆసిడ్ పౌడర్ కూడా కొనమంటున్నాడు. ఇందులో నిజమెంత? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

బీచ్‌రోడ్ రన్నర్:
అక్కా, ఆ కుర్రాళ్ళు గాలిమాట చెప్పలేదు. ఉపవాసంతో రక్తంలో గ్రోత్ హార్మోన్ పెరుగుతుందని 1988లోనే అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళ మీద చేసిన పరిశోధనలో తేలింది. 1992లో రెండు రోజులు ఉపవాసం ఉంచి చూస్తే, రోజు మొత్తంలో తయారయ్యే హార్మోన్ ఐదు రెట్ల దాకా పెరిగింది. చక్కెర దాన్ని అణిచేస్తుంది. ఈ హార్మోన్ మరీ ఎక్కువైన జబ్బు ఉందేమో చూడటానికి డాక్టర్లు 75 గ్రాముల గ్లూకోజ్ తాగిస్తారు. మామూలు మనిషికైతే అది తాగాక హార్మోన్ పడిపోవాలి. మరి పొద్దున్నే ఇడ్లీలు, పంచదార కాఫీ పడితే జరిగేది కూడా అదే కదా? నేను కాళీమాత గుడి దగ్గర్నుంచి తెన్నేటి పార్కు వైపు ఖాళీ కడుపుతోనే పరిగెడతాను. పొట్ట తగ్గింది, నిద్ర బాగుంది.

ఫిజియాలజీ మాస్టారు, ఎం.వి.పి. కాలనీ:
రన్నర్ గారు చెప్పిన రెండు పరిశోధనలూ నిజమే. కానీ అవి ఎదిగిపోయిన మగవాళ్ళ మీద, పూర్తి ఉపవాసంతో చేసినవి. ఒక పూట టిఫిన్ మానేసిన పిల్లవాడికి ఆ ఐదు రెట్ల లెక్క అంటగట్టకూడదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆకలి వేళ శరీరం ఈ హార్మోన్ను పెంచేది ఎత్తు పెంచడానికి కాదు. కొవ్వును కరిగించి ఇంధనంగా వాడుకోవడానికి, కండ కరిగిపోకుండా కాపాడుకోవడానికి. ఎముక పొడవు పెరగాలంటే ఈ హార్మోన్ మాట విని లివర్ ఐజీఎఫ్-1 అనే ఇంకో పదార్థాన్ని తయారు చెయ్యాలి, ఎముకల్లో కూడా అది తయారవ్వాలి. తిండి చాలకపోతే లివర్ ఆ మాట వినడం మానేస్తుంది. రక్తంలో గ్రోత్ హార్మోన్ పైకి పోతుంది, ఐజీఎఫ్-1 కిందికి పడుతుంది. మేస్త్రీ ఎంత అరిచినా ఇటుకలు లేకపోతే గోడ లేవదు.

దీనికి సాక్ష్యం కళ్ళముందే ఉంది. సరైన తిండి, ప్రొటీన్ చాలక క్వాషియార్కర్ అనే జబ్బు వచ్చిన పిల్లల్ని చూడండి. కాళ్ళు వాచి, జుట్టు రంగు మారి, ఎదుగుదల ఆగిపోయి ఉంటారు. వాళ్ళ రక్తంలో గ్రోత్ హార్మోన్ మామూలు పిల్లలకన్నా ఎక్కువ! 1966లో ఇజ్రాయెల్ డాక్టర్ లారోన్ వర్ణించిన జబ్బులోనూ అంతే. ఆ హార్మోన్ను అందుకునే రిసెప్టర్‌లోనే లోపం కాబట్టి రక్తంలో హార్మోన్ నిండా ఉన్నా మనిషి చాలా పొట్టిగా ఉండిపోతాడు. హార్మోన్ అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుందన్న లెక్క ఇక్కడే తప్పిపోతోంది.

అమ్మా, ముందు బాబుకి టిఫిన్ పెట్టండి. ఎదిగే వయసులో కడుపు మాడ్చుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

బీచ్‌రోడ్ రన్నర్:
మాస్టారూ, నాదో ప్రశ్న. లావుగా ఉన్నవాళ్ళలో గ్రోత్ హార్మోన్ తక్కువ ఉంటుంది, బరువు తగ్గితే మళ్ళీ పెరుగుతుంది. దీన్ని మీరూ కాదనలేరు. ఇక మీరంటున్న ఐజీఎఫ్-1 మరీ ఎక్కువైనా మంచిది కాదు. పెద్దవాళ్ళలో అది ఎక్కువుంటే ప్రోస్టేట్, రొమ్ము క్యాన్సర్ల ముప్పు కొంచెం ఎక్కువని పెద్ద పరిశోధనలే చూపించాయి. అలాంటప్పుడు ఉపవాసాన్ని అంతగా తీసిపారెయ్యడం ఎందుకు?

ఫిజియాలజీ మాస్టారు, ఎం.వి.పి. కాలనీ:
నలభై దాటి పొట్ట ఉన్న మనిషి తిండివేళలు కుదించుకుంటే నాకేం అభ్యంతరం లేదు. అక్కడ మేలు చేసేది బరువు తగ్గడమే, హార్మోన్ కాదు. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి మాత్రం ఐజీఎఫ్-1 కావాలి, అది తిండితోనే వస్తుంది. డెన్మార్క్‌లో ఎనిమిదేళ్ళ మగపిల్లలకు ఒక వారం పాటు కొందరికి ఎక్కువ పాలు, కొందరికి అంతే ప్రొటీన్ ఇచ్చే మాంసం పెట్టారు. పాలు తాగినవాళ్ళలో ఐజీఎఫ్-1 పెరిగింది, మాంసం తిన్నవాళ్ళలో పెరగలేదు.

పాడేరు టీచరమ్మ:
ఇక్కడ చాలామంది పిల్లలు ఏమీ తినకుండానే బడికొస్తారు. వాళ్ళది ఉపవాసం కాదు, ఇంట్లో లేక. పదకొండయ్యేసరికి బల్ల మీద తల వాల్చేస్తారు. ఖాళీ కడుపుతో ఎత్తు పెరిగేటట్టయితే మా పిల్లలే అందరికన్నా పొడుగుండాలి. ఆకలిని గొప్ప చిట్కాలా చెబుతుంటే కోపమొస్తోంది. చోళ్ళ అంబలి, గుడ్డు, పప్పు, కాసిని చేపలు చాలు తల్లీ. ఒక్క ప్రొటీనే కాదు, జింక్ తక్కువైనా ఎదుగుదల కుంటుపడుతుంది. 1960ల మొదట్లో ఇరాన్ పల్లెల్లో గిడసబారిన యువకుల్ని చూసి డాక్టర్ ఆనంద ప్రసాద్ ఈ సంగతి బయటపెట్టారు.

మద్దిలపాలెం వాసి:
అర్జినైన్ గురించి ఎవరూ చెప్పలేదు. జిమ్ పక్క షాపులో నాకూ అంటగట్టబోయారు. డబ్బా మీద గ్రోత్ హార్మోన్ బూస్టర్ అని రాసి ఉంది.

ఫిజియాలజీ మాస్టారు, ఎం.వి.పి. కాలనీ:
ఆ మాట ఆసుపత్రి పరీక్ష నుంచి పుట్టింది. గ్రోత్ హార్మోన్ తయారుచేసే పిట్యూటరీ గ్రంథి పనిచేస్తోందో లేదో చూడటానికి అర్జినైన్‌ను, కిలో బరువుకి అర గ్రాము చొప్పున, 30 గ్రాములకి మించకుండా నరంలోకి ఎక్కిస్తారు. నోటితో కొన్ని గ్రాములు మింగితే పెరుగుదల చాలా తక్కువ, అదీ కాసేపే. ఊరికే గట్టిగా వ్యాయామం చేసినా అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. ఆ డబ్బులు పాలకీ గుడ్లకీ పెట్టండి.

సీతమ్మధార నాన్న:
అక్కా, మా పాప విషయంలో మేం ఈ దారిలో తిరిగాం కాబట్టి చెబుతున్నా. మామూలుగా రక్తం తీసి గ్రోత్ హార్మోన్ పరీక్ష చేయిస్తే ఏమీ తెలియదు. అది పగలూ రాత్రీ విడతలు విడతలుగా వస్తుంది. ఎక్కువ భాగం నిద్రపట్టిన మొదటి గంటల్లో, గాఢనిద్రలో వస్తుంది. రక్తంలో ఓ ఇరవై నిమిషాల్లో సగం అయిపోతుంది. మా డాక్టరు గారు ముందు ఎత్తు చార్టు చూశారు, ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో లెక్కవేశారు. తర్వాత థైరాయిడ్, ఐజీఎఫ్-1, ఎడమ చేతి ఎక్స్‌రే. అవసరమైతేనే స్టిమ్యులేషన్ పరీక్ష, అంటే మాస్టారు చెప్పినట్టు మందిచ్చి హార్మోన్ ఎంత వస్తుందో చూసేది, అన్నారు. బాబు రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు?

గాజువాక అమ్మ:
ఫోన్ చూస్తూ ఒంటిగంట అవుతుంది తమ్ముడూ. మీసాలు ఇంకా రాలేదు. వాళ్ళ నాన్న కూడా ఇంటర్‌లోనే సాగారట. ఎక్స్‌రే ఎందుకు మరి?

సీతమ్మధార నాన్న:
ఎముక వయసు చూడటానికి. ఎముక పొడవు పెరిగేది దాని చివర్లుండే గ్రోత్ ప్లేట్ల దగ్గరే, అవి ఆడపిల్లల్లో 14-15, మగపిల్లల్లో 16-17 ఏళ్ళ ప్రాంతంలో మూసుకుపోతాయి. మీ బాబు ఎముక వయసు పన్నెండు అని వస్తే, వాళ్ళ నాన్నలాగే ఆలస్యంగా సాగే రకం కావచ్చు.

బీచ్‌రోడ్ రన్నర్:
నా ఉపవాసం నేను మానను, నా వయసుకి అది సరిపోయింది. బాబుకి మాత్రం వద్దక్కా. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ తీసేసుకోండి. వాలీబాల్ ఆడనివ్వండి. ఎక్స్‌రే వచ్చాక ఇక్కడ చెప్పండి.

గాజువాక అమ్మ:
సోమవారం పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. మాస్టారి జవాబు వాడికి చదివి వినిపించాను. "అయితే రెండు గుడ్లు వెయ్యి" అన్నాడు.